పైరును నిలువబెట్టు పోగులు



మా శాంతిపురము చిత్తూరు జిల్లాలో కుప్పమునకు చేరువ నున్న చిన్న ఊరు. ఒకవైపు కన్నడసీమయు, ఇంకొకవైపు తమిళసీమయు దగ్గరగా నుండుటచే మా మాటలో మూడు భాషల వాసనయు ఉండును. అచ్చటి మెట్టచేలలో రాగి, వేరుసెనగ, మల్బరీ ముఖ్యమైన పైరులు. రాగిచేలలో రాగినే పోలిన గడ్డి యొకటి మొలచును. దానిని తిప్పరాగి యందురు. లేతవయసున ఈ రెండింటిని వేరుచేసి చూపుట క్రొత్తవారికి సాధ్యము కాదు. కలుపు తీయు స్త్రీలు మాత్రము మొక్క మొదటిని చేతితో తాకి, చదునుగా, వెలిసినట్లుగా నున్నదానిని పట్టి పెరికివేయుదురు. వృక్షశాస్త్రము ప్రకారము ఈ రెండును దగ్గరి చుట్టములే. రాగిని ఎలూసినే కోరకానా యనియు, తిప్పరాగిని ఎలూసినే ఇండికా యనియు శాస్త్రజ్ఞులు పిలుతురు.

ఎవరును విత్తని, ఎవరును కోరని ఈ గడ్డి 1998వ సంవత్సరమున నేచర్ అను ప్రసిద్ధమైన ఆంగ్ల శాస్త్రపత్రిక కెక్కినది. ఏల యెక్కినదో తెలియవలెనన్నచో మొక్కల కణములలో నుండు ట్యూబులిన్ అను మాంసకృత్తు చరిత్ర తెలియవలెను. ఆ చరిత్రయే నేటి నా ప్రసంగ విషయము. ఈ చరిత్రలో ఒక విచిత్రము కలదు. మానవుడు ఈ పదార్థమును తిన్నగా చూచి కనుగొనలేదు. దానిని చెఱచు విషములను వెంబడించి, ఆ విషములు కణములో దేనిని తాకుచున్నవో వెదకి, తుదకు దానిని చేరుకొనెను. ఆ విషములలో మొదటిది మా కంచెలమీద ప్రాకు అడవినాభిలో నున్నది. కడపటిది మా వేరుసెనగ చేలలో చల్లు కలుపుమందులో నున్నది.

మొదట ఒక చిన్న ప్రశ్న. రాగిమొలక నేలను చీల్చుకొని వచ్చినది మొదలు నిలువుగా ఏల పెరుగును? గుమ్మడికాయవలె అన్ని వైపులకు ఏల ఉబ్బదు? మనకు ఎముకలున్నవి, మొక్కకు ఎముకలు లేవు. 1665లో రాబర్ట్ హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బెండును సన్నగా కోసి సూక్ష్మదర్శినిలో చూడగా తేనెపట్టులోని గదులవంటి గదులు కానవచ్చెను. వానినే నేడు మనము కణములనుచున్నాము. హుక్ చూచినవి బ్రతికిన కణములు కావు. ప్రాణము విడిచిపోయిన గోడలు మాత్రమే. ఆ గోడలకు ముఖ్యమైన సరకు సెల్యులోజు. మన నూలుబట్టయు, కాగితమును ఆ పదార్థముతో నైనవే. బ్రతికిన కణము లోపలి నీటి ఒత్తిడిచే ఎల్లప్పుడును ఉబ్బజూచును. గోడ దానిని అదుపులో నుంచును.

ఈ గోడలోని సెల్యులోజు పోగులు అడ్డదిడ్డముగా పడియుండవు. నిలువుగా సాగెడు కణమునందు అవి పీపాకు బిగించిన ఇనుపపట్టీలవలె చుట్టును అడ్డముగా అమరియుండును. పొడవైన గుడ్డసంచికి చుట్టును దగ్గరదగ్గరగా త్రాళ్లు కట్టి లోపలికి గాలి నూదినచో అది లావెక్కజాలదు, పొడవునకే సాగును. రాగికాడ నిలువుగా పెరుగుటకు కారణమిదియే. అయినచో ఆ పోగులను అడ్డముగానే చుట్టుమని కణమునకు చెప్పునదెవరు? మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేయు నేతగానికి ప్రతిపోగు దారిని మగ్గము చూపును. కణములో ఆ మగ్గమేది? ఈ ప్రశ్నకు 1962వ సంవత్సరము వరకు తగిన సమాధానము లేకపోయెను.

రెండవ ప్రశ్న కణవిభజనకు సంబంధించినది. ఒక కణము రెండగునపుడు దానిలోని క్రోమోసోములు సరిసమానముగా రెండు పాళ్లు కావలెను. వంశలక్షణములు వానిలో నుండుటచే ఒక్కటి తప్పినను పిల్లకణము చెడును. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున జర్మను దేశములో ఎడ్వర్డ్ స్ట్రాస్‌బర్గర్ మొక్కలలోను, వాల్టర్ ఫ్లెమ్మింగ్ జంతువులలోను ఈ పంపకమును కనిపెట్టి వర్ణించిరి. క్రోమోసోములను చెరియొక ప్రక్కకు లాగుచున్నట్లు ఒక పోగులకట్ట వారికి కానవచ్చెను. అది చివరల సన్నగిలి నడుమ లావుగా, నూలు చుట్టిన కదురువలె నుండెను. దానికి కదురు పేరే నిలిచినది. రంగులు పూసి చంపిన కణములలో ఈ పోగులు చక్కగా కనబడెడివి. బ్రతికిన కణములలో కనబడెడివి కావు. అందుచే అవి నిజముగా కలవా, లేక రంగుల వలన కలిగిన భ్రమయా అను వాదము సుమారు డెబ్బది యేండ్లు సాగెను.

ఈ వాదము సాగుచుండగనే మొదటి విషము రంగమున ప్రవేశించెను. అడవినాభిని మీలో పెక్కురు చూచియుందురు. తొలకరి పిమ్మట మొలచి, ఆకుల కొనలనే నులితీగలుగా చేసికొని కంచెల నెక్కి, పసుపును ఎఱుపును కలిసిన మంటవంటి పూవులు పూయును. సంస్కృతమున దానికి అగ్నిశిఖ యని పేరు. దుంప నాగలి ఆకారమున నుండుటచే లాంగలి యనియు నందురు. తమిళులు కాందళ్ అని పిలుతురు; అది తమిళనాడునకు రాష్ట్రపుష్పము. ఆయుర్వేదము దీనిని ఉపవిషములలో చేర్చినది. దుంపయందును గింజయందును కూడ విషము కలదు. మా ప్రాంతపు పెద్దలు పిల్లలను ఆ దుంప చెంతకు పోనిచ్చెడివారు కారు. పొరపాటున దానిని తిన్నవారికి మొదట వాంతులు, విరేచనములు కలుగును. ప్రాణములు దక్కినవారికి కొన్ని దినములు గడచిన తరువాత తలవెండ్రుకలు రాలిపోవును. కడుపులోనికి పోయిన దుంపకును తలమీది వెండ్రుకకును సంబంధమేమి? దీనిని మనసునం దుంచుకొనుడు.

ఐరోపా ఖండమున కోల్చికము అను వేరొక మొక్క కలదు. కీళ్లవాతమునకు దానిని మందుగా వాడుట అచ్చట చిరకాలమునుండి కలదు. 1820లో పారిస్ నగరమున పెలెటియే, కవాంతూ అను నిరువురు దానిలోని విషసారమును వేరుచేసిరి. మలేరియాకు మందైన క్వినైనును అదే యేట వేరుచేసినవారు వీరే. ఈ సారమునకు పిమ్మట కోల్చిసిన్ అను పేరు వచ్చినది. మన అడవినాభిలోని విషమును కోల్చిసినే యని 1915లో క్లూయర్, గ్రీన్, ట్యూటిన్ అను ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞులు చూపిరి. ఇట్లు వేల మైళ్ల దూరమున నున్న రెండు మొక్కలు ఒకే విషమును చేయుచున్నవని తేలెను.

ఆ విషము చేయు పని యేమి? 1889లో ఇటలీ దేశమునందలి పలెర్మో నగరములో పెర్నిచే అను వైద్యుడు కోల్చికము ఇచ్చిన కుక్కల కడుపులోని పొరలను పరీక్షించెను. విభజన మొదలుపెట్టి నడుమనే నిలిచిపోయిన కణములు గుంపులు గుంపులుగా కానవచ్చెను. ఆనాడు ఆ విషయమును పట్టించుకొన్నవారు లేరు. 1934 మొదలు బ్రసెల్స్ నగరమున ఆల్బెర్ దుస్తేన్ దీనిని మరల చేపట్టగా లోకము దృష్టి అటు మరలెను. కోల్చిసిన్ తగిలిన కణములో కదురు ఏర్పడదు. క్రోమోసోములు రెట్టింపగును గాని, లాగువారు లేక నడివీథిలో నిలిచిన బండ్లవలె నిలిచిపోవును. వెండ్రుకల మొదళ్లలోని కణములు ఎడతెగక విభజన చెందుచుండును. విషము తగిలినపుడు ఆ పని యాగిపోవును గనుక వెండ్రుకలు రాలును. ప్రేగుల లోపొరయు అటువంటిదే గనుక విరేచనములు కలుగును.

1937లో అమెరికా దేశమున బ్లేక్‌స్లీ, ఏవరీ అనువారు ఈ విషమును ఉమ్మెత్త మొక్కలపై ప్రయోగించిరి. కదురు లేని కణము రెండుగా విడిపోలేక, రెట్టించిన క్రోమోసోములతో ఒకటే కణముగా మిగిలెను. విషము తొలగిన తరువాత ఆ కణమే మరల విభజన పొంది, క్రోమోసోములు ఇనుమడించిన కొమ్మలను పుట్టించెను. క్రొత్త మొక్కజాతులను చేయుటకు మనుష్యుని చేతికి ఒక సాధనము దొరకెను. జపాను దేశమున కిహారా గింజలు లేని పుచ్చకాయను ఈ దారినే సాధించెను. పట్టుపురుగులకు వలసిన మల్బరీయందు కూడ ఇట్టి ప్రయత్నములు మన దేశములో జరిగినవి.

ఇట్టి రెట్టింపు ప్రకృతికి క్రొత్త కాదు. తిప్పరాగి కణములో 18 క్రోమోసోములుండును. రాగి కణములో 36. తిప్పరాగి వంశమును, వేరొక గడ్డివంశమును ఎన్నడో ఆఫ్రికా ఖండమున కలిసి, రెండింటి క్రోమోసోములును నిలిచిపోగా రాగి పూర్వీకమగు అడవిగడ్డి పుట్టినది. దానిని తూర్పు ఆఫ్రికా కొండసీమల రైతులు సాగులోనికి తెచ్చిరి. అది సముద్రము దాటి వచ్చి మనకు సంగటి యైనది. వేరుసెనగయు ఇట్లే రెండు వంశముల కలయికవలన పుట్టినదే. మా చేలలో పెరుగు రెండు ముఖ్యమైన పైరులును క్రోమోసోముల పంపకమున ఒకప్పుడు కలిగిన తేడాల ఫలములన్నమాట.

మరల కదురు కథకు వత్తము. దాని పోగులు నిజమా, భ్రమయా అను వాదమును తీర్చినవాడు ఇనొవే షిన్యా అను జపాను జాతీయుడు. అమెరికాలో నుండి ఆయన తన చేతులతోనే కూర్చుకొన్న ఒక ప్రత్యేకమైన సూక్ష్మదర్శినిని ఉపయోగించెను. వరుసగా పేర్చిన పోగులగుండ పోవునపుడు కాంతి ఒక తీరున మారును. ఆ మార్పును పట్టిచూపు యంత్రమది. 1953లో లిల్లీమొక్క పుప్పొడిని పుట్టించు కణములు బ్రతికియుండగనే, వానిలో కదురుపోగులు మెఱయుట ఆయన చూపెను. కోల్చిసిన్ తగులగనే బ్రతికిన కణములోని కదురు కరగిపోవుటను అంతకు ముందుసంవత్సరమే ప్రకటించియుండెను. పోగులున్నవి; అవి కట్టుటయు విప్పుటయు వీలైన పోగులు; వానిని విప్పునది విషము. ఇంతవరకు తేలెను.

పిమ్మట పదియేండ్లలో మొక్కల మగ్గము దొరకెను. నైటెల్లా యనునది మంచినీళ్లలో పెరుగు నాచు. దాని కణములు కంటికి కనబడునంత పొడవైనవి. 1962లో పాల్ గ్రీన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దానికి కోల్చిసిన్ పెట్టెను. నిలువుగా సాగవలసిన కణము అన్నివైపులకు ఉబ్బనారంభించెను. గోడలోని సెల్యులోజు పోగులు తమ వరుసను కోల్పోయెను. విభజనతో సంబంధము లేని కణమును సైతము ఈ విషము చెఱచుచున్నదన్నచో, కదురుపోగులవంటివే గోడ లోపలిప్రక్కను ఉండవలెనని ఆయన ఊహించెను. అవి ఆయన కంటికి కనబడలేదు. విషము చేసిన పనిని బట్టి, అది పడగొట్టినదేదో ఆయన తెలిసికొనెను.

మరుసటి యేట, అనగా 1963లో, హార్వర్డ్ విశ్వవిద్యాలయమున లెడ్‌బెటర్, పోర్టర్ అనువారు వానిని చూచిరి. అంతవరకు ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినికై కణములను నిలువచేయు పద్ధతులలో ఈ పోగులు నశించిపోవుచుండెను. గ్లుటరాల్డిహైడు అను ద్రవమును వాడిన తరువాత అవి చెక్కుచెదరక నిలిచెను. గడ్డిజాతి మొక్క యొకదాని వేరుకొనలలోను, జూనిపర్ అను చెట్టు వేరుకొనలలోను, గోడకు ఆనుకొని లోపలివైపున సన్నని గొట్టములు అడ్డముగా వరుసలుతీరి కానవచ్చెను. గోడలోని సెల్యులోజు ఏ దిక్కునకు ఉన్నదో ఈ గొట్టములును ఆ దిక్కునకే యున్నవి. వానికి సూక్ష్మనాళికలని పేరు పెట్టిరి. ఆ యేటనే జంతుకణములలోను ఇట్టివే కానవచ్చెను. గ్రీన్ ఊహ ఒక సంవత్సరములో ప్రత్యక్షమైనది.

ఇక ఆ నాళిక దేనితో కట్టబడినది? దీనికిని విషమే దారి చూపెను. 1967లో షికాగో విశ్వవిద్యాలయమునందు బోరిసీ, టేలర్ అనువారు రేడియో కిరణములను వెలువరించు కోల్చిసినును కణములలోనికి పంపిరి. విషము ఏ పదార్థమునకు అంటుకొన్నదో కిరణములు చెప్పును. అది ఒక మాంసకృత్తునకు అంటుకొనెను. కదురులున్న చోట్లను, మెదడునందును ఆ మాంసకృత్తు మెండుగా నున్నదని తేలెను. 1968లో జపానుదేశీయుడు మోహ్రి హిదెయో దానికి ట్యూబులిన్ అను పేరు పెట్టెను. నాళికను కట్టునది యని దాని భావము. ఈ పనిలో మన దేశీయుల పాలును కలదు. 1974లో భవతారక్ భట్టాచార్య, వుల్ఫ్ అనువారు ట్యూబులిన్‌తో కలిసినపుడు కోల్చిసిన్ మెఱయునని చూపిరి. విషము ఎంత త్వరగా, ఎంత గట్టిగా అంటుచున్నదో ఆ మెఱుపునుబట్టి కొలుచుట సాధ్యమైనది.

ట్యూబులిన్ నిర్మాణమును రెండు మాటలలో చెప్పెదను. ఇది జంటగా నుండు పదార్థము. జంటలో ఒకదానికి ఆల్ఫా యనియు, రెండవదానికి బీటా యనియు పేర్లు. ఒక్కొకటి సుమారు 450 అమైనో ఆమ్లముల గొలుసు ఉండవలె చుట్టుకొనగా నైనది. ఈ జంటలు ఒకదాని తల మీద ఒకటిగా పేరుకొని పోగగును. అట్టి పోగులు 13 ప్రక్కప్రక్కన చేరి గొట్టమగును. పదమూడను లెక్కను లెడ్‌బెటర్, పోర్టరులు 1964లోనే చెప్పియుండిరి. గొట్టపు వెడల్పు 25 నానోమీటర్లు. మూడువేల గొట్టములను ప్రక్కప్రక్కన పేర్చినచో ఒక తలవెండ్రుక మందమగును. జంట యొక్క పూర్తి ఆకృతిని 1998లో కాలిఫోర్నియాలోని బర్కిలీ నగరమున నొగాలెస్, వుల్ఫ్, డౌనింగ్ అనువారు వెల్లడించిరి.

ఈ గొట్టము ఇటుకగోడవలె ఒకసారి కట్టిన పిమ్మట నిలిచిపోవునది కాదు. ఒక చివర పెరుగుచు, ఉన్నట్లుండి కూలుచు, మరల పెరుగుచు నుండును. 1984లో మిచిసన్, కిర్ష్‌నర్ అనువారు ఈ స్వభావమును కనిపెట్టిరి. మేస్త్రీలు పని యున్నచోట పరంజా కట్టి, పని తీరగనే విప్పి, ఆ కొయ్యలతోనే వేరొక చోట కట్టుదురు గదా. కణము చేయునదియు నదే. మొక్క కణములో ఈ పరంజా నాలుగు పనులకు ఉపయోగపడును. కణము పెరుగునపుడు గోడ లోపల అడ్డువరుసలుగా నిలిచి సెల్యులోజునకు దారి చూపును. విభజనకు ముందు కేంద్రకము చుట్టును నడికట్టువలె చేరి, క్రొత్తగోడ ఎచ్చట లేవవలెనో గుఱుతు పెట్టును. విభజనలో కదురై క్రోమోసోములను పంచును. పంపకము ముగియగనే రెండు పాళ్లకు నడుమ చేరి, క్రొత్తగోడకు వలసిన సరకును మోసితెచ్చును. రాగిమొక్క కణములు ఒక్కొకటి ఈ క్రమమున కట్టబడినవే.

సెల్యులోజునకు దారి చూపునను మాట చాలకాలము నమ్మికగా మాత్రమే యుండెను. 2006లో పరేదెజ్, సోమర్‌విల్, ఎర్హార్ట్ అను మువ్వురు బ్రతికిన మొక్కలోనే సెల్యులోజును నేయు యంత్రములు నాళికల వెంబడి, పట్టాలమీద బండ్లవలె పోవుటను కన్నులార చూచిరి. 2002లో జపానులో హషిమోతో బృందమువారు మఱియొక విచిత్రమును చూపిరి. అరబిడాప్సిస్ అను చిన్నమొక్కయందు ఆల్ఫా ట్యూబులిన్‌లో ఒకేయొక అమైనో ఆమ్లము మారినంత మాత్రమున మొక్క నిలువుగా పెరుగుట మాని ఎడమవైపునకు మెలితిరిగెను. కంటికి కానరాని జంటలో ఒక్క పూస మారినచో మొక్క నడకయే మారుచున్నది.

ఇచ్చట ఒక సందేహము కలుగును. అడవినాభియు మొక్కయే, దానిలోను ట్యూబులిన్ కలదు. తాను చేసిన విషమునకు తానేల లోబడదు? 1982వ సంవత్సరము వరకు ట్యూబులిన్ పరిశోధనలు ఎక్కువగా పశువుల మెదడునుండి తీసిన దానితో జరిగెను. మొక్కలలో అది కొంచెముగా నుండుటచే దానిని శుద్ధముగా తీయుట కష్టమాయెను. ఆ యేట కాలిఫోర్నియాలో మోర్‌జాన్, ఫాస్కెట్ అనువారు గులాబి కణములను సీసాలలో పెంచి, వానినుండి ట్యూబులిన్ తీసి నాళికలుగా కట్టించిరి. దీనితో మొక్కల ట్యూబులిన్ పశువుల ట్యూబులిన్‌కు చుట్టమే గాని అచ్చముగా అదియే కాదని తెలిసెను. కోల్చిసిన్ మొక్కల ట్యూబులిన్‌కు గట్టిగా అంటదు. పశువును నిలువరించు మోతాదునకు వందల రెట్లు పెట్టినగాని మొక్క లొంగదు. ఆ విషము తినవచ్చు జంతువునకై మొక్క తయారుచేసికొన్న ఆయుధము. తన ఇంటిని తాను కూల్చుకొనునది కాదు.

ఈ భేదమునకు రెండవ ముఖమును కలదు. పశువుల ట్యూబులిన్‌ను విడిచి మొక్కల ట్యూబులిన్‌నే పట్టు విషములు కూడ ఉండవచ్చును గదా. అట్టివానిని, ఈ సంగతులు తెలియకముందే, రసాయన పరిశ్రమ తయారుచేసియుండెను. 1960 తరువాత వచ్చిన ట్రైఫ్లురాలిన్, దానివెనుక వచ్చిన పెండిమిథాలిన్ ఈ తెగకు చెందిన కలుపుమందులు. వేరుసెనగ విత్తిన వెంటనే నేలపై చల్లు మందులలో పెండిమిథాలిన్ ఒకటి. మొలచుచున్న కలుపుగింజ వేరుకొన దీనిని తాకగనే నాళికలు విడిపోవును. కణములు పొడవునకు సాగలేక ఉబ్బును. వేరుకొన గదవలె లావెక్కి నిలిచిపోవును. నైటెల్లాలో గ్రీన్ చూచినదియు, వేరుసెనగచేలో మా రైతు చూచునదియు ఒక్కటే. ఈ మందులు పశువుల ట్యూబులిన్‌ను పట్టవన్నంత మాత్రమున నిరపాయములని భావింపరాదు. మందు ఏదైనను జాగ్రత్తతో చల్లవలసినదే.

కలుపుతీత ఎంత కష్టమైన పనియో మెట్టసేద్యగాండ్రకు చెప్పనక్కఱలేదు. నడుము వంచి దినమంతయు ఎండలో చేయు ఆ పని పల్లెలలో స్త్రీల నెత్తిమీదనే పడినది. అట్టిచో ఒకసారి చల్లిన మందు ఆ శ్రమను తీర్చునన్నచో దానిని ఎవరు వలదందురు? అమెరికాలోని దక్షిణ కెరొలినా రాష్ట్రపు పత్తిరైతులును ఇట్లే తలచి, ఏటేట ట్రైఫ్లురాలిన్ ఒక్కదానినే చల్లుచు వచ్చిరి. 1984 నాటికి అచ్చటి చేలలో ఒక గడ్డి ఆ మందునకు లొంగుట మానివేసెను. ఆ గడ్డియే మన తిప్పరాగి. అది ఆ మందునకు ఎట్లు తట్టుకొనుచున్నదో పదునాలుగు సంవత్సరముల తరువాత, 1998లో, ఇంగ్లండులోను దక్షిణ కెరొలినాలోను పనిచేసిన రెండు బృందములవారు వేరువేరుగా కనుగొనిరి. ఆల్ఫా ట్యూబులిన్ గొలుసులో 239వ స్థానమున థ్రియొనిన్ అను అమైనో ఆమ్లమునకు మారుగా ఐసోల్యూసిన్ వచ్చి చేరెను. జన్యువులో ఒక్క అక్షరము మారినది. అంతే. ఆ మార్పుచే జంటకును జంటకును నడుమ పట్టు బిగిసి, విషము నాళికను విప్పలేకపోయెను.

మందు ఈ మార్పును కలిగించినదని కొందరు పొరపడుదురు. అది నిజము కాదు. లెక్కలేనన్ని గింజలు రాల్చు గడ్డిలో ఇట్టి మార్పులు ఎచ్చటనో ఒకచో తమంతట తామే కలుగుచుండును. మామూలు చేలో ఆ మొక్కకు ప్రత్యేకమైన లాభము లేదు. మందు చల్లిన చేలో తక్కినవన్నియు చచ్చి, అది యొక్కటియే బ్రతుకును. తిప్పరాగి తన పుప్పొడితో తానే గింజకట్టు గడ్డి గనుక ఆ గుణము దాని సంతతిలో చెక్కుచెదరక నిలుచును. అనగా మందు విత్తనము వేయదు. ఏ విత్తనము మిగులవలెనో నిర్ణయించును. కొన్నియేండ్లు వరుసగా ఒకే మందును చల్లిన రైతు, తనకు తెలియకయే, ఆ మందునకు లొంగని గడ్డిని ఏరి పెంచుచున్నాడు.

ఈ చరిత్రలో ఇంకొక ఘట్టము కలదు. అది మా సంగటిముద్దకు నేరుగా సంబంధించినది. తిప్పరాగిలో మారిన ఆ జన్యువును తీసి, ప్రయోగశాలలో రాగిమొక్కలో ప్రవేశపెట్టి, కలుపుమందునకు తట్టుకొను రాగిని సృష్టించితిమని ఉక్రెయిన్ దేశమునందలి కీవ్ నగర శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించిరి. శాస్త్రముగా అది ఘనకార్యమే. కలుపు నేర్చిన విద్యను పైరునకు నేర్పుట. కాని కెరొలినా చేలలో జరిగిన దానిని తలచుకొన్నచో ఒక ప్రశ్న తప్పదు. మందునకు లొంగని రాగిని విత్తి, ఆ చేలో ఏటేట అదే మందు చల్లినచో, ప్రక్కనే యున్న తిప్పరాగి ఎంతకాలము ఊరకుండును? అది ఆ పాఠమును ఎవరును నేర్పకయే నేర్చుకొన్నది. మరల నేర్చుకొనలేదని ఎవరు చెప్పగలరు?

కలుపుమందును నేను నిందించుట లేదు. శ్రమను తగ్గించు సాధనమేదైనను పల్లె స్త్రీలకు మేలే. ఈ చరిత్ర చెప్పు నీతి వేరు. మొక్కను నిలువబెట్టు పోగులను విప్పు విద్య మనకు తెలిసినది. ఆ పోగులను బిగించుకొను విద్య కలుపునకు ముందే తెలియును. కావున ఒకే విషమును ఏటేట నమ్ముకొనరాదు. ఒక యేడు ఒక తెగ మందు, మఱుయేడు వేరొక తెగ మందు వాడవలెను. రాగి తరువాత వేరుసెనగయు, వేరుసెనగ తరువాత వేరొక పైరును పెట్టవలెను. సాళ్లలో విత్తి గుంటక తోలుట మానరాదు. మందు చల్లిన తరువాతను చేలో పచ్చగా నిలిచిన గడ్డి కనబడినచో, అది గింజ రాల్చకముందే చేతితో పెరికివేయవలెను. మొక్క మొదటిని తాకి రాగియేదో తిప్పరాగి యేదో చెప్పగల చేతులు మా చేలలో ఇంకను ఉన్నవి. ఆ చేతులకు తగిన కూలి ముట్టినంతకాలము అవియు ఉండును. 239వ స్థానమున ఏ మార్పు వచ్చినను ఆ చేతులను ఎదిరించి నిలువగల గడ్డి లేదు.